గంటపువ్వుకు కూలి కడుతున్నారు, మన గట్టుకు ఎవరు కడతారు?

చేలో పండిన గింజకు ధర కట్టడం మనకు తెలుసు. పాలకు, ఎండుగడ్డికి, పేడకు కూడా ధర ఉంది. అదే, గడ్డిలో దానంతటది మొలిచి పూసే అడవి పువ్వుకు డబ్బు కట్టేవాడు ఎక్కడన్నా ఉన్నాడా అంటే, 'ఏం పరాచికాలాడుతున్నారా' అంటారు మీరు. పరాచికం కాదు. స్విట్జర్లాండ్ దేశంలో ఆ పద్ధతి ఉంది. అక్కడి కొండరైతు పచ్చికలో కొన్ని రకాల అడవి పూలు కనబడితే సర్కారు కొలిచి, హెక్టారుకు ఇంత అని చెల్లిస్తుంది. ఆ పూల జాబితాలో గంటపువ్వులు కూడా ఉన్నాయి.

డబ్బున్న దేశం సరదాలే అని కొట్టిపారేయకండి. దీని వెనక మన సన్న, చిన్నకారు రైతు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అడగాల్సిన సంగతి ఇంకొకటుంది. ముందు ఆ పువ్వు కథేమిటో చూద్దాం.

గడ్డం ఉన్న పువ్వు

యూరప్ ఖండం నడుమ ఆల్ప్స్ అనే పెద్ద కొండల వరస ఉంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దేశాల మీదుగా సాగుతుంది. మన అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కదా, ఈ పువ్వు సుమారు అంత ఎత్తు దాటాక మొదలై 2,500 మీటర్ల పైదాకా కనిపిస్తుంది. ఆల్ప్స్ వదిలితే ఎక్కడో ఉత్తరాన నార్వేలో కొంత ఉంది. గంటపూల జాతిలో చాలా రకాలున్నాయి. మన హిమాలయాల్లో కూడా దీని చుట్టాలు ఉన్నాయి. ఈ రకాన్ని అక్కడివాళ్ళు గడ్డపు గంటపువ్వు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కాంపాన్యులా బార్బాటా. మొదటి మాటకు చిరుగంట అని, రెండో మాటకు గడ్డం ఉన్నదని అర్థం.

మొక్క జానెడు నుంచి మూరెడు లోపే. నేలకంటుకుని గరుకు ఆకులు, మధ్యలో ఒక కాడ, కాడకు తలవంచుకుని వేలాడే లేత నీలం గంటలు. గంట లోపల అంచుల వెంబడి తెల్లటి పొడవాటి నూగు. అదే గడ్డం. జూన్ నుంచి ఆగస్టు దాకా పూస్తుంది. గింజలు మరీ సన్నం. కాయ ఎండాక గాలికి కాడ ఊగుతుంటే కొద్దికొద్దిగా రాలతాయి.

గంటపూలలో ఇంకో విశేషం ఉంది. పువ్వు విచ్చకముందే మొగ్గలోనే పుప్పొడి రాలి నడిమి కాడకున్న నూగుకు అంటుకుంటుంది. పువ్వు విచ్చాక వచ్చిన ఈగ ఆ కాడను రాసుకుంటూ లోపలికి పోయి పుప్పొడి మోసుకెళ్తుంది. ఆ పని అయ్యాకే కాడ కొస చీలి, వేరే పువ్వు పుప్పొడి అందుకోవడానికి సిద్ధమవుతుంది. అంటే ఈగ రాకపోతే పని సరిగా జరగదు. కొన్ని రకాల చిన్న ఈగలైతే గంటపూల పుప్పొడి తప్ప వేరే ముట్టవు. ఇవి తేనెటీగకు చుట్టాలే గానీ తుట్టె పెట్టవు, ఒంటరిగా బతుకుతాయి. వాన పడినా పొద్దుగూకినా ఆ జాతి మగ ఈగలు గంటలోపలే దూరి పడుకుంటాయి. పువ్వు పోతే ఆ ఈగకు తిండీ పోయె, గూడూ పోయె.

అడవి మొక్కే గానీ రైతు చేతి చలవ

ఇక్కడే అసలు సంగతి ఉంది. దీన్ని ఎవరూ నాటరు, నీళ్ళు పెట్టరు. అడవి మొక్కే. కానీ అది ఎక్కువగా ఉండేది దట్టమైన అడవిలో కాదు, రైతు పశువులు మేపే బీళ్ళలో, ఎండుగడ్డి కోసే పచ్చికల్లో. ఆల్ప్స్ వాలుల్లో చెట్లు పెరగగలిగిన ఎత్తులో ఉన్న పచ్చికలు చాలావరకు వందల ఏళ్ళ కిందట అడవి నరికి చేసుకున్నవే. అక్కడి రైతు ఎండాకాలం రాగానే ఆవుల్ని పైకొండలకు తోలుకెళ్తాడు. చలి ముదరకముందే కిందికి దించుకొస్తాడు. మన గొర్రెల కాపరులు మేత వెతుక్కుంటూ మందలు తోలుకెళ్ళడం లాంటిదే ఇది. స్విట్జర్లాండ్ సాగుభూమి మొత్తంలో దాదాపు మూడో వంతు ఇలాంటి వేసవి బీళ్ళే.

ట్రాక్టరు ఎక్కని వాలుల్లో పొడవాటి కర్ర బిగించిన పెద్ద కొడవలితో ఏడాదికి ఒక్కసారి గడ్డి కోస్తారు. ఆ ఒక్క కోత కూడా వేసవి నడుమ దాటాక. అప్పటికి పువ్వు పూసి, గింజ ముదిరి నేల మీద రాలి ఉంటుంది. గడ్డి మోసుకెళ్ళడంతో నేల బలమూ కొంత పోతుంది. నేల పేదగా ఉంటుంది కాబట్టి ఏ ఒక్క గడ్డీ దుబ్బుగా పెరిగి మిగతావాటిని తొక్కేయదు. చిన్న మొక్కలకు కూడా ఎండ తగులుతుంది. గంటపువ్వు బతికేది ఆ సందులోనే.

ఎరువు ఎక్కువైనా పోతుంది, వదిలేసినా పోతుంది

రైతు కదా, గడ్డి ఇంకాస్త ఎక్కువ రావాలని ఎవరికుండదు? ఆ కొండ బీళ్ళలో నార్డస్ అనే ముతక గడ్డి ఎక్కువ. ముదిరితే ఆవులు మూతి పెట్టవు. ఈ బీళ్ళను బాగుచేయాలని వెర్నర్ ల్యూడి అనే శాస్త్రజ్ఞుడు 1930లలో స్విట్జర్లాండ్‌లోని షినిగె ప్లాట్టె అనే కొండ మీద చిన్న చిన్న మళ్ళు కట్టి పరీక్షలు చేశాడు. కొన్నిటికి సున్నం వేశాడు, కొన్నిటికి ఎరువులు వేశాడు. కొన్నేళ్ళు వేసి ఆపేశారు. దాదాపు 70 ఏళ్ళ తరువాత వేరే శాస్త్రజ్ఞులు అవే మళ్ళను తిరిగి చూశారు. సున్నం పడిన మళ్ళలో మొక్కలూ, మట్టిలోని సూక్ష్మజీవులూ పక్క మళ్ళకంటే ఇంకా వేరుగానే ఉన్నాయి. తాత చల్లింది మనవడి కాలానికి కూడా నేలలోంచి పోలేదన్నమాట. చలి కొండల్లో మట్టి అంత నెమ్మదిగా మారుతుంది.

పుల్లనేలకు సున్నం వేయడం తప్పని నేననడం లేదు. మీ నేలకు అవసరమని మట్టి పరీక్షలో తేలితే వేసుకోండి. నే చెప్పేది గంటపువ్వు సంగతి. అది సున్నం లేని పేద నేలకు అలవాటు పడ్డ మొక్క. పచ్చికకు ఎరువు దండిగా పడి, ఏడాదికి మూడు నాలుగు కోతలు మొదలైతే బలమైన నాలుగు గడ్డిరకాలు పైకి లేస్తాయి. గింజ కట్టకముందే కోత వచ్చి పడుతుంది. కింద పూల మొక్కలు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. గడ్డి పెరిగిన మాట నిజమే, దాన్ని కాదనలేం. పోయింది మాత్రం లెక్కలోకి రాలేదు.

'సరే, అయితే రైతును అక్కణ్ణించి పంపించేసి, కంచె వేసి వదిలేస్తే పువ్వు బాగుంటుందిగా' అనుకుంటారు పట్నం వాళ్ళు. అదీ కాదు. కొండ మీద కష్టం ఎక్కువ, రాబడి తక్కువ. పిల్లలు కింది పట్టణాల్లో కొలువులకు పోయారు. చాలా చోట్ల వాలు బీళ్ళు వదిలేశారు. వదిలేసిన చోట ఆల్డర్ అనే పొద చెట్లు, వాటి వెనకే దేవదారు జాతి చెట్లు కమ్ముకొచ్చాయి. నీడ పడింది. గంటపువ్వు మళ్ళీ పోయింది. 1992లో యూరోపియన్ దేశాల కూటమి కాపాడుకోవాల్సిన నెలవుల పట్టీ ఒకటి తయారుచేసింది. రకరకాల పూలున్న ఈ నార్డస్ బీళ్ళను అందులో ముందు వరసలో పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఆ పువ్వు ఉండాలంటే రైతు ఉండాలి. పిండుకునే రైతైతే కాదు, పారిపోయిన రైతైతే కాదు. మితంగా మేపి, వేళకు కోసే రైతు ఉండాలి.

కూలి ఎట్లా కడతారు?

ఈ సంగతి స్విట్జర్లాండ్ వాళ్ళకు కాస్త ముందే బోధపడింది. 1996 జూన్‌లో అక్కడ ప్రజల ఓటు పెట్టి రాజ్యాంగంలోకి వ్యవసాయం మీద ఒక అధికరణం తెచ్చారు. రైతు పని తిండి పండించడం ఒక్కటే కాదు, నేలనూ నీటినీ ఊళ్ళనూ నిలబెట్టడం కూడా అని దాని సారాంశం. 1999లో కొత్త వ్యవసాయ చట్టం వచ్చింది. సర్కారు సొమ్ము కావాలంటే రైతు తన భూమిలో కనీసం నూటికి 7 వంతులు పచ్చికకో, కంచె మొక్కలకో, ఇలాంటివాటికి వదలాలి.

పూల పచ్చికగా రాయించుకున్న భూమికి ఎరువు వేయకూడదు. మొదటి కోతకు తేదీ కూడా పెట్టారు. కింది లోయల్లో జూన్ 15 తరువాత, కొండ మొదట్లో జులై 1 తరువాత, ఇంకా పైన జులై 15 తరువాత. కారణం మీకు ఇప్పటికే అర్థమయి ఉంటుంది. గింజ రాలాక కోయాలని.

2001 నుంచి ఇంకో మెట్టు ఎక్కారు. తేదీ పాటించావా అని మాత్రమే కాక, పచ్చికలో ఏమున్నాయో కూడా చూస్తారు. మూడు మీటర్ల తాడు పట్టుకుని చుట్టూ తిరిగితే ఎంత గుండ్రని చోటు వస్తుందో అంత చోటులో, జాబితాలోని గుర్తు మొక్కలు సాధారణంగా ఆరు రకాలు కనబడాలి. కనబడితే అదనపు సొమ్ము. గంటపువ్వు ఆ గుర్తుల్లో ఒకటి. ఆకు చూసి తెగులు చెప్పే రైతుకు పువ్వు చూసి పచ్చిక నాణ్యం చెప్పడం కష్టమా? 2014 నుంచి పైకొండల వేసవి బీళ్ళకూ ఈ పద్ధతి తెచ్చారు.

ఇందులో రెండు మాటలు మనం ముడేసుకోవాలి. ఒకటి, రైతుకు నీతులు చెప్పి ఊరుకోలేదు, చేసిన పనికి కూలి కట్టారు. రెండు, ఆ సొమ్ము కాగితం మీద యజమానికి కాదు, నేలను నడిపే సాగుదారుకు ముడుతుంది.

మరి మన సంగతేమిటి?

వాళ్ళకూ మనకూ పోలికా అంటారు. నిజమే. వాళ్ళ సగటు కమతం 20 హెక్టార్లు, అంటే 50 ఎకరాలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. మూడెకరాలు కూడా లేదు. అందులోనూ నూటికి 86 కమతాలు సన్న, చిన్నకారు రైతులవే. ఉన్నదాంట్లో 7 వంతులు పువ్వులకు వదలమంటే కడుపు మండుతుంది. నేనూ వదలమనడం లేదు.

కానీ మనకు పచ్చిక లేకపోయినా గట్టు ఉంది. 'చేనుకు గట్టు, ఊరికి కట్టు' అన్నారు పెద్దలు. ఎకరం చేను నలుచదరంగా ఉందనుకోండి. చుట్టూ దాదాపు 280 గజాల గట్టు వస్తుంది. గట్టు వెడల్పు రెండడుగులైతే, పక్క రైతు సగం పోను మీ వాటా సుమారు రెండు సెంట్లు. ఆ రెండు సెంట్లలో ఎలాగూ వరి పండదు, పత్తి పండదు. పండేది తుమ్మి, వెంపలి, గడ్డిచేమంతి, గునుగు, తంగేడు. వాటిమీద వాలేది మీ చేలో దోసకు, గుమ్మడికి, కాకరకు, పొద్దుతిరుగుడుకు పని చేసిపెట్టే తేనెటీగ.

దోస, గుమ్మడి, కాకర తీగల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ మోసుకెళ్ళకపోతే పిందె కట్టదు. పొద్దుతిరుగుడులో తాలు గింజ తగ్గాలంటే పొద్దున పూట పలుచని గుడ్డతో పువ్వు మీద మెల్లగా రుద్దమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. ఈగ ఉచితంగా చేసే పనికి మనం కూలి మనిషిని పెట్టాల్సి వస్తోంది. మన పంట పూసేది కొన్ని వారాలే. మిగతా నెలలు ఆ ఈగ ఏం తినాలి? గట్టు మీది పువ్వే తినాలి. ఆల్ప్స్ కొండ మీద ఈగకు గంటపువ్వు ఎట్లాగో, మన ఈగకు తుమ్మిపువ్వు అట్లాగ.

ఆ గట్టు మీద ఇప్పుడు గడ్డిమందు పడుతోంది. ఎందుకు పడుతోందో నాకు తెలుసు. కలుపుకు మనుషులు దొరకడం లేదు, దొరికినా కూలి భరించలేం. ఒక పంపు కొడితే వారంలో గట్టు మాడి కూర్చుంటుంది. మందు కొట్టిన రైతును తిట్టి లాభం లేదు. కానీ ఏం పోతోందో చూసుకోవాలి. తెలంగాణలో బతుకమ్మకు పిల్లలు గట్ల వెంట తిరిగి తెచ్చే గునుగు పువ్వు ఇప్పుడు బజార్లో కట్ట కొనాల్సిన వస్తువయింది. గడ్డి వేరు పోయిన గట్టు తొలకరి వానకే కోసుకుపోతుంది, మళ్ళీ పారతో ఎత్తిపోసుకోవాలి. మందు ఖర్చు ఒకటి, మట్టి పని ఖర్చు ఇంకొకటి.

అన్నీ ఉంచమని కాదు

గట్టు మీద మొలిచిందల్లా మహాలక్ష్మే అంటే ఒప్పుకోను. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్ళతో పీకేయాల్సిందే. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండంకుళ్ళు వైరస్ తుడిచిపెట్టింది. ఆ వైరస్‌కు నెలవు వయ్యారిభామే అని తరువాత తేలింది. పత్తి చేల పక్కన తుత్తురబెండ ఉంటే తెల్లదోమకు విడిది ఇచ్చినట్టే. వరి మళ్ళ గట్లు మరీ వెడల్పుగా ఉంటే ఎలుకలు బొరియలు చేస్తాయి, అవి సన్నగానే ఉండాలి. కాబట్టి ఉంచాల్సింది ఉంచడం, తీయాల్సింది తీయడం. మన పెద్దలకు ఈ ఎంపిక తెలుసు. మందుకు తెలియదు.

ఆల్ప్స్ రైతు పద్ధతిలోంచి మనకు పనికొచ్చేవి మూడున్నాయి. పైసా ఖర్చు లేనివి.

గట్టును మందుతో మాడ్చకుండా కొడవలితో కోయండి. కోసిన గడ్డి గేదెకు వేయొచ్చు. మందు కొట్టిన గడ్డి పశువుకు పెట్టలేరు కదా.

నాలుగు వైపులా ఒకేసారి కోయకండి. ఈ నెల రెండు వైపులు, పూలు రాలి గింజ పడ్డాక మిగతా రెండు వైపులు. ఈగకు ఎప్పుడూ ఏదో ఒక వైపు తిండి ఉంటుంది.

గట్టు మీద నాలుగు కంది మొక్కలు, మూలకో తంగేడో వావిలో ఉంచండి. కంది పప్పుకు పప్పు, పూతకు పూత. పొలంలో పురుగుమందు తప్పనిసరైతే ఈగలు తిరిగే పొద్దున పూట కాక సాయంత్రం కొట్టండి.

అడగాల్సింది అడుగుదాం

ఇంతవరకు మనం చేసుకోగలిగింది. దీనితోనే సరిపెట్టి 'పర్యావరణం కాపాడు రైతన్నా' అని ఉపన్యాసం దంచేవాళ్ళకు మాత్రం ఒక మాట చెప్పాలి. పట్నంలో తినే గుమ్మడికాయ వెనక మా గట్టు మీది ఈగ ఉంది. చెరువులోకి పోకుండా మా గట్టు ఆపిన మట్టి ఉంది. దానికి మీరేం కట్టారు?

2019లో మొదలైన పీఎం-కిసాన్ కింద ఏడాదికి 6 వేలు ఇస్తున్నారు. సంతోషమే. కానీ అది పేరున భూమి ఉన్నవాళ్ళకు. గట్టు చెక్కేది, మట్టి ఎత్తేది, కలుపు కోసేది చాలా ఊళ్ళలో కౌలు రైతు. నేలను బాగుంచిన పనికి సొమ్ము ఇచ్చే రోజు మన దగ్గరా వస్తే, అది పట్టా పుస్తకం చూసి కాదు, పని చూసి ఇవ్వాలి. స్విట్జర్లాండ్‌లో పచ్చిక నడిపేవాడికి ఇచ్చినట్టు.

స్విస్ లెక్క ప్రకారం హెక్టారుకు ఇంతని మనవాళ్ళు ఇవ్వలేకపోవచ్చు. గట్టుకు గజం లెక్కన ఇవ్వొచ్చు. మందు కొట్టని గట్టు, ఐదారు రకాల పూలున్న గట్టు, కోసుకుపోని గట్టు అని మూడు గుర్తులు పెట్టుకుంటే చాలు. చూడ్డానికి పెద్ద శాస్త్రం చదవక్కర్లేదు. ఊళ్ళో పదో తరగతి చదివే పిల్లలు కూడా లెక్కపెట్టి చెబుతారు. ముందు జిల్లాకు ఒక మండలంలో రెండేళ్ళు చేసి చూడమనండి. ఎంత ఖర్చయిందో, ఎంత తేనె, ఎంత కాపు పెరిగిందో లెక్క తీయమనండి. లెక్క తేలితే ముందుకు పోదాం, తేలకపోతే ఆపేద్దాం.

ఈసారి ఖరీఫ్ ముందు మండల వ్యవసాయాధికారి మీ ఊరి సమావేశానికి వచ్చినపుడు విత్తనాలు, ఎరువుల సంగతితో పాటు ఈ మాట కూడా ఎత్తండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. పది ఊళ్ళలో అడిగితే రాసుకుంటారు. అప్పటిదాకా మీ గట్టు రెండు సెంట్లూ మీ చేతిలోనే ఉన్నాయి. ఈ ఏడు ఒక వైపన్నా మందు కొట్టకుండా వదిలి, పక్కన రెండు దోస పాదులు పెట్టి, పిందె ఎట్లా నిలబడుతుందో మీరే చూసుకోండి.